స్కూల్ అసిస్టెంటు జీతమా, 9 లక్షల సీటీసీయా? చేతికొచ్చేది ఎంత, దాచిన దాని మీద పన్ను ఎంత

పటమట_ప్రశ్న | జనవరి 10
రెండు ఉద్యోగాలు పక్కపక్కన పెట్టి లెక్క కావాలి. ఒకటి డీఎస్సీ స్కూల్ అసిస్టెంటు, గుంటూరు జిల్లా. రెండోది విజయవాడలో ప్రైవేటు కంపెనీ, ఆఫర్ లెటర్లో సీటీసీ (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 9,00,000. ఫ్రెషర్, సొంతిల్లు లేదు, అప్పు లేదు. నెలకి చేతికి ఎంత, పక్కకి ఎంత పడుతుంది, పన్ను ఎంత, మిగిలింది ఎక్కడ పెడితే మళ్లీ పన్ను ఎంత. ఉద్యోగ భద్రత గురించి ఉపన్యాసాలు వద్దు, అవి పెళ్లి సంబంధాల దగ్గర ఎలాగూ వినిపిస్తాయి. అంకెలు చెప్పండి.

బిల్లుల_బాబాయ్ | జనవరి 10
ప్రభుత్వం వైపు నేను రాస్తాను. 2022 పీఆర్సీ (వేతన సవరణ)లో స్కూల్ అసిస్టెంటు స్కేలు 44,570–1,27,480. కొత్తగా చేరినవాళ్లకి బేసిక్ 44,570. డీఏ (కరువు భత్యం) 37.31 శాతం అనుకుని వేస్తున్నాను, మారితే ఆ నెల స్లిప్పులో ఉన్న శాతం వేసుకోండి. 16,629. హెచ్చార్ఏ (ఇంటద్దె భత్యం) గుంటూరు, విజయవాడ లాంటి ఊళ్లలో 16 శాతం, 17,000 దాటకూడదు. ఇక్కడ 7,131. మొత్తం గ్రాస్ 68,330.

కోతలు: సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం కలిసి వేసే పెన్షన్ పథకం) కింద బేసిక్, డీఏ కలిపిన దాంట్లో 10 శాతం, అంటే 61,199 మీద 6,120. వృత్తి పన్ను 200. దాంతో 62,010. ఆ పైన ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా) స్లాబు, జీఐఎస్ (గ్రూపు బీమా), ఈహెచ్ఎస్ (ఆరోగ్య పథకం) ఉంటాయి. చేతికి 60 వేల చుట్టూ అనుకోండి.

ప్రభుత్వం తన వాటాగా ఇంకో 6,120 ప్రాన్ (పెన్షన్) ఖాతాలో వేస్తుంది. అది గ్రాస్‌లో కనిపించదు కాబట్టి జనం లెక్కలో వెయ్యరు.

పేరోల్_గన్నవరం | జనవరి 10
సీటీసీ వైపు నాది. కంపెనీని బట్టి విడగొట్టే తీరు మారుతుంది. ఎక్కువమంది వాడే అచ్చు ఇది:

బేసిక్ 40 శాతం: 3,60,000
హెచ్చార్ఏ, బేసిక్‌లో 40 శాతం: 1,44,000
కంపెనీ పీఎఫ్ వాటా 12 శాతం: 43,200
గ్రాట్యుటీ 4.81 శాతం: 17,316
గ్రూపు ఆరోగ్య బీమా ప్రీమియం, ఉదాహరణకి: 12,000
వేరియబుల్ 10 శాతం: 90,000
మిగిలింది స్పెషల్ అలవెన్సు: 2,33,484

నెల జీతంగా వచ్చేవి బేసిక్, హెచ్చార్ఏ, స్పెషల్ మాత్రమే. 7,37,484 ని 12 తో భాగిస్తే 61,457. అందులోంచి మీ పీఎఫ్ 3,600, వృత్తి పన్ను 200 పోతే చేతికి 57,657. 9 లక్షలు భాగించు 12, నెలకి 75,000 అనుకుని చేరేవాళ్లు మొదటి నెల స్లిప్పు పట్టుకుని హెచ్చార్ దగ్గరికి వస్తారు. అక్కడ తప్పేమీ ఉండదు. ఆఫర్ లెటర్ రెండో పేజీ చదవలేదంతే.

వేరియబుల్ నూటికి నూరు వస్తుందని మాత్రం లెక్కెయ్యకండి. అది ఏడాది చివర, రేటింగును బట్టి. గ్రాట్యుటీ 17,316 కూడా అయిదేళ్లు నిండకుండా మానేస్తే మీది కాదు.

మిర్చియార్డ్ | జనవరి 10
అంటే 9 లక్షలోడి కంటే పంతులు గారికే చేతికి ఎక్కువా! ఇంతకాలం సంబంధాలు చూసేవాళ్లంతా తలకిందులుగా మాట్లాడారన్నమాట.

బిల్లుల_బాబాయ్ | జనవరి 10
ఆగండి, గుంటూరు పోస్టింగు అయితేనే 16 శాతం. కొత్తవాళ్లకి టౌన్లో ఖాళీ ఎవరిస్తారు? 50 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో హెచ్చార్ఏ 10 శాతం, గరిష్ఠం 11,000. అప్పుడు 7,131 బదులు 4,457. నెలకి 2,674, ఏడాదికి 32,088 తేడా. మీరు బ్రాడీపేటలో అద్దెకుండి రోజూ మండలానికి బస్సులో వెళ్లినా, లెక్కలోకి వచ్చేది బడి ఉన్న ఊరే, మీరు ఉన్న ఊరు కాదు. బస్సు పాసు అదనం.

50 వేల నుంచి 2 లక్షల జనాభా ఉన్న పట్టణాల్లో 12 శాతం. కౌన్సెలింగ్‌లో స్కూలు ఎంచుకునేటప్పుడు దూరంతోపాటు ఇది కూడా చూసుకోవాలి.

పటమట_ప్రశ్న | జనవరి 10
అంటే పల్లెటూరు పోస్టింగైతే 65,656 గ్రాస్. సీపీఎస్, వృత్తి పన్ను పోగా 59,336, మిగతా కోతలు పోగా ఇంకొంచెం తక్కువ. ప్రైవేటు 57,657. దాదాపు సమానం. మరి పక్కకి పడేది?

పేరోల్_గన్నవరం | జనవరి 11
పీఎఫ్‌లో మీది 3,600, కంపెనీది 3,600, నెలకి 7,200. సీపీఎస్‌లో రెండు వైపులా కలిపి 12,240. ఇక్కడ పెద్ద తేడానే ఉంది. ఒకటి మాత్రం, పీఎఫ్‌కి 2024-25లో 8.25 శాతం వడ్డీ ప్రకటించారు, సీపీఎస్ డబ్బు మార్కెట్‌లో తిరుగుతుంది. రిటైరయ్యే రోజు 60 శాతం చేతికిచ్చి 40 శాతానికి యాన్యుటీ కొనిపిస్తారు. ఆ యాన్యుటీ మీద వచ్చే పెన్షన్ పన్ను కట్టాల్సిన ఆదాయమే.

ఇంకోటి, ఇది ప్రైవేటులో చేరేవాళ్లంతా చూసుకోవాల్సింది. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, బేసిక్ 15,000 దాటి ఉన్నవాళ్లకి ఈపీఎస్ పెన్షన్ పథకం వర్తించదు. కంపెనీ వాటా మొత్తం పీఎఫ్ ఖాతాలోకే వెళ్లాలి. కానీ చాలా చోట్ల పాత సాఫ్ట్‌వేర్ సెట్టింగు అలాగే వదిలేసి నెలకి 1,250 పెన్షన్ కింద పంపేస్తుంటారు. మూడేళ్ల తర్వాత డబ్బు తీసుకోవడానికి వెళ్తే క్లెయిము తిరస్కరణ. మొదటి నెల జీతం పడగానే ఈపీఎఫ్ఓ పాస్‌బుక్ తెరిచి పెన్షన్ గడిలో సున్నా ఉందా లేదా చూడండి. 1,250 కనిపిస్తే అదే రోజు హెచ్చార్‌కి మెయిల్ పెట్టండి. అప్పుడైతే ఒక్క నెల సవరణతో పోతుంది. ఆలస్యమైతే నెలనెలా రిటర్నులన్నీ సరిచెయ్యాలి.

కొత్తపేట_సిప్ | జనవరి 11
ఈ లెక్కలో ప్రభుత్వం వైపు సీటీసీ కట్టి చూడండి. 68,330 ని 12 తో గుణిస్తే 8,19,960. దానికి ప్రభుత్వ సీపీఎస్ వాటా 73,440 కలిపితే 8,93,400. గ్రాట్యుటీ కలపకుండానే 9 లక్షలకి ఆనుకుంది. కాబట్టి గుంటూరు పోస్టింగులో స్కూల్ అసిస్టెంటు అంటే 9 లక్షల సీటీసీ ఉద్యోగమే, అదీ వేరియబుల్ లేకుండా. గ్రాస్‌ని సీటీసీతో పోల్చడం దగ్గరే అందరూ బోల్తా కొడుతున్నారు.

మిర్చియార్డ్ | జనవరి 11
ఇవాళ్టి లెక్క సరే. ప్రైవేటోడికి ఏటా పది శాతం పెంచితే అయిదేళ్లలో ఎక్కడుంటాడు?

బిల్లుల_బాబాయ్ | జనవరి 11
పంతులు గారికి ఏటా ఒక ఇంక్రిమెంటు 1,260. దాని మీద డీఏ, హెచ్చార్ఏ కూడా పెరుగుతాయి కాబట్టి గ్రాస్‌లో 1,932. డీఏ సంగతి: కేంద్రం ఒక శాతం పెంచితే మన రాష్ట్రం 0.91 శాతం ఇస్తుంది. కేంద్రం 2024 జులైకి 3, 2025 జనవరికి 2 ఇచ్చింది. మనకి అవి 2.73, 1.82. రెండూ కలిపి 4.55 శాతం, 44,570 మీద 2,028. ఇంక్రిమెంటుతో కలిపి 3,960. గ్రాస్‌లో 5.8 శాతం పెరుగుదల.

కాగితం మీద! 2024 జనవరి డీఏ 2025 అక్టోబరులో గానీ రాలేదు. పీఆర్సీ 2023 జులై నుంచి కొత్తది రావాలి, దాని ఊసు లేదు. డీఏ రాని ఏడాది పెరుగుదల ఇంక్రిమెంటు ఒక్కటే, 2.8 శాతం. అదే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్లు నిండాక పై స్కేళ్లు వచ్చినప్పుడు ఇంకో మెట్టు. ప్రైవేటులో ఏటా పది శాతం నిజంగా ఇచ్చేవాళ్లయితే మూడో ఏటికే దాటేస్తాడు, కాదనను.

అరండల్‌పేట_ఆడిట్ | జనవరి 11
పన్ను దగ్గరికి వద్దాం. 2025-26 కొత్త విధానం: 4 లక్షల దాకా లేదు, 4–8కి 5 శాతం, 8–12కి 10, 12–16కి 15, 16–20కి 20, 20–24కి 25, ఆ పైన 30. జీతగాళ్లకి స్టాండర్డ్ డిడక్షన్ 75,000. మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే సెక్షన్ 87ఏ రిబేటు (కట్టాల్సిన పన్నులో తగ్గింపు) 60,000 దాకా. అంటే జీతం ఒక్కటే ఉంటే 12.75 లక్షల దాకా పన్ను సున్నా.

ఇక్కడ ఇద్దరికీ సున్నాయే. పంతులు గారికి 8.20 లక్షల్లో 75 వేలు తీస్తే 7.45. ప్రైవేటుకి వేరియబుల్ పూర్తిగా వచ్చినా 7.52. హెచ్చార్ఏ రసీదులు, 80సీ, ఇంటి ఓనరు పాన్, ఇవేవీ ఇద్దరికీ అక్కర్లేదు. సున్నా మీద మినహాయింపు తెచ్చుకుని ఏం చేస్తారు? ఫిబ్రవరి వచ్చిందంటే పన్ను తగ్గించుకోవడానికని 50 వేల ఎల్ఐసీ పాలసీ అంటగడతారు. ఈ జీతానికి ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. బీమా కావాలంటే బీమాగా తీసుకోండి, పన్ను కోసం కాదు.

ప్రభుత్వ సీపీఎస్ వాటా 73,440 ని నిజానికి జీతంలో కలిపి చూపి, 80సీసీడీ(2) (యజమాని వేసే పెన్షన్ వాటాకి మినహాయింపు) కింద తీసెయ్యాలి. చాలామంది డీడీఓలు (జీతాల బిల్లు చేసే అధికారులు) రెండూ వదిలేస్తారు. పన్నులో తేడా రాదు. ఫారం 16లో ఒక చోట కలిపి, రెండో చోట తీయడం మర్చిపోతే మాత్రం ఇబ్బందే.

కొత్తపేట_సిప్ | జనవరి 11
ప్రైవేటు వాళ్లు ఈ 80సీసీడీ(2) వాడుకోవాలి. కంపెనీ ద్వారా ఎన్పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) పెట్టించుకుంటే కొత్త విధానంలోనూ బేసిక్‌లో 14 శాతం దాకా మినహాయింపు. 30,000 బేసిక్‌కి నెలకి 4,200. ఇప్పుడు పన్ను సున్నా కాబట్టి లాభం లేదు. జీతం 13, 14 లక్షలకి చేరినప్పుడు పనికొస్తుంది.

పటమట_ప్రశ్న | జనవరి 11
సరే. ఇద్దరూ నెలకి 15 వేలు దాచగలరు అనుకుందాం. ఎఫ్‌డీ వేస్తే పన్ను తినేస్తుందంటారు, మ్యూచువల్ ఫండ్ మేలంటారు. నిజమేనా?

అరండల్‌పేట_ఆడిట్ | జనవరి 11
ఆ మాట 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లది. ఆయన ఎఫ్‌డీలో 7 శాతం వస్తే సెస్సుతో 31.2 శాతం పోయి చేతికి 4.8 మిగులుతుంది. ఆయనకి 7.1 శాతం పీపీఎఫ్ అంటే పన్ను కట్టే ఎఫ్‌డీలో 10.3 శాతంతో సమానం. అది విని 7.45 లక్షల ఆదాయం ఉన్న పంతులు గారు కూడా ఎఫ్‌డీ అంటే భయపడుతున్నారు.

ఈయన దగ్గర కథ తలకిందులు. ఎఫ్‌డీ వడ్డీ మామూలు ఆదాయం, స్లాబులోకి వస్తుంది. జీతం, వడ్డీ కలిపి 12 లక్షలు దాటనంత వరకు రిబేటులో కొట్టుకుపోతుంది, పన్ను సున్నా. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న డెట్ ఫండ్లూ అంతే, స్లాబు లెక్కే. షేర్లు, ఈక్విటీ ఫండ్లు 12 నెలల లోపు అమ్మితే వచ్చే లాభం మీద 20 శాతం, సెక్షన్ 111ఏ కింద. దీనికి రిబేటు వర్తించదు, 2025-26 నుంచి చట్టంలోనే స్పష్టంగా రాశారు.

ఉదాహరణ. జీతం అన్నీ పోగా 10,00,000, షేర్ల స్వల్పకాలిక లాభం 1,00,000. మొత్తం 11 లక్షలు, 12 లోపే. జీతం మీద పన్ను 40,000, రిబేటుతో సున్నా. షేర్ల మీద 20,000, సెస్సు 800. కట్టాల్సింది 20,800. అదే లక్ష ఎఫ్‌డీ వడ్డీగా వచ్చి ఉంటే సున్నా. 12 లక్షల లోపు పన్నే లేదు కదా అని ఈ 20,800 కట్టకుండా రిటర్ను వేస్తే నోటీసు వస్తుంది, ఏఐఎస్‌లో (పన్ను శాఖ దగ్గరుండే మీ లావాదేవీల పట్టికలో) ప్రతి అమ్మకం కనిపిస్తుంది కాబట్టి.

ఇంకో మెలిక: ఆ 12 లక్షల గీత చూసేటప్పుడు షేర్ల లాభం కూడా కలుపుతారు. జీతం 11.5 ఉన్నాయన మార్చిలో 80 వేల లాభానికి షేర్లు అమ్మితే గీత దాటిపోతుంది. అమ్మే ముందు కూడి చూసుకోవాలి.

మిర్చియార్డ్ | జనవరి 12
ఇదెక్కడి న్యాయం అండీ, రిస్కు తీసుకున్నోడికి పన్ను, బ్యాంకులో పడుకోబెట్టినోడికి సున్నా!

కొత్తపేట_సిప్ | జనవరి 12
12 నెలలు ఆగండి అంతే. దీర్ఘకాలిక లాభంలో ఏటా 1,25,000 దాకా పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. ఈ 1.25 లక్షలు ఏ ఏటికా ఏడు, వాడకపోతే పోతుంది, మిగిల్చుకోవడం లేదు. అయిదేళ్లు కదపకుండా ఉంచి 5 లక్షల లాభం ఒకేసారి తీస్తే 3.75 లక్షల మీద 46,875, సెస్సుతో 48,750. ఏటా మార్చిలోపు 1.25 లక్షల లోపు లాభం అమ్మి మళ్లీ కొంటూ వస్తే కొన్న ధర పెరుగుతూ వస్తుంది, పన్ను ఉండదు.

చేసేటప్పుడు తప్పేవి:
సిప్‌లో ప్రతి నెల వాయిదాకి విడిగా 12 నెలలు నిండాలి. 2024 జనవరిలో మొదలెట్టాం కదా అని 2026 జనవరిలో మొత్తం అమ్మితే చివరి పన్నెండు వాయిదాలు స్వల్పకాలికమే, 20 శాతం. పైగా చాలా ఫండ్లలో ఏడాదిలోపు తీస్తే 1 శాతం ఎగ్జిట్ లోడు (ఫండు కోసే రుసుము). ముందు కొన్న యూనిట్లే ముందు అమ్మినట్టు లెక్క కాబట్టి యూనిట్ల సంఖ్య చూసి అమ్మాలి, రూపాయల్లో కాదు.
షేర్లయితే అదే రోజు అమ్మి అదే రోజు కొనకండి. అది ఇంట్రాడే అవుతుంది, డీమ్యాట్ నుంచి షేరు కదలదు, మీ పాత ధర అలాగే ఉంటుంది. ఇవాళ అమ్మితే రేపు కొనండి.
తిరిగి కొన్న రోజు నుంచి 12 నెలలు మళ్లీ మొదలు. ఈ ఏడాది డబ్బు అవసరం ఉన్నవాళ్లు ఆ పని చెయ్యకూడదు.

సత్యనారాయణపురం_డిపాజిట్ | జనవరి 12
ఎఫ్‌డీ వైపు ఒక మాట. క్యుములేటివ్ ఎఫ్‌డీ అయిదేళ్లకి వేసి, వడ్డీ చేతికొచ్చినప్పుడు చూపిద్దాంలే అనుకుంటారు. బ్యాంకు ఏటా మార్చి 31కి పేరుకున్న వడ్డీ లెక్కగట్టి టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోస్తుంది, 26ఏఎస్‌లో (మీ పాన్ మీద కట్టిన పన్నుల పట్టికలో) వేస్తుంది. మీరు అయిదో ఏట మొత్తం చూపిస్తే నాలుగేళ్లు తగ్గించి చూపినట్టు, అయిదో ఏట స్లాబు ఎగిరిపోయినట్టు. ఏటా చూపించండి.

టీడీఎస్ పరిమితి ఇప్పుడు 50,000, సీనియర్లకి లక్ష. పాన్ లేకపోతే 20 శాతం. 60 దాటినవాళ్లకి 15హెచ్ (టీడీఎస్ కొయ్యొద్దని బ్యాంకుకిచ్చే ఫారం): మొత్తం మీద పన్ను రాదంటే ఇవ్వొచ్చు. ఉదాహరణకి పెన్షన్ నెలకి 50,000, సీనియర్ సిటిజన్ సేవింగ్స్‌లో 30 లక్షలు. 8.2 శాతానికి ఏడాదికి 2,46,000, మూణ్ణెల్లకోసారి 61,500. పెన్షన్‌లో 75 వేలు తీస్తే 5.25, మొత్తం 7.71 లక్షలు. రిబేటుతో సున్నా, కాబట్టి 15హెచ్ ఇవ్వొచ్చు. 15జీ, 60 లోపు వాళ్లది, అంత తేలిక కాదు. వడ్డీలు కలిపి 4 లక్షలు దాటితే ఇవ్వడానికి లేదు.

ఫారం ఏప్రిల్‌లోనే, ప్రతి బ్యాంకుకీ విడివిడిగా, ప్రతి ఏడూ. జూన్‌లో ఇస్తే ఏప్రిల్‌లో కోసింది బ్యాంకు వెనక్కివ్వదు, రిటర్ను వేసి రీఫండు తెచ్చుకోవాలి.

పటమట_ప్రశ్న | జనవరి 12
ఇంట్లో ఆవిడ పేరు మీద ఎఫ్‌డీ వేస్తే?

అరండల్‌పేట_ఆడిట్ | జనవరి 12
మీ డబ్బు ఆవిడకిచ్చి వేయిస్తే ఆ వడ్డీ మీ ఆదాయమే, సెక్షన్ 64. ఆ వడ్డీని ఆవిడ మళ్లీ డిపాజిట్ చేస్తే, దాని మీద వచ్చే వడ్డీ మాత్రం ఆవిడది. పుట్టింటి వాళ్లిచ్చిన డబ్బు, ఆవిడ సొంత సంపాదన అయితే మొదటినుంచీ ఆవిడదే. ఖాతా విడిగా ఉంచండి, కలిపేస్తే తర్వాత ఎవరి రూపాయి ఏదో తేల్చలేరు.

బంగారం సంగతి ఎవరూ అడగలేదు, కానీ మన దగ్గర అదే ఎక్కువ. 24 నెలలు దాటిన నగ అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధర పెంచుకోవడం) లేదు. బందరు రోడ్డు షోరూములో పాత గొలుసు ఇచ్చి కొత్తది తీసుకోవడం కూడా అమ్మకమే, డబ్బు చేతికి రాలేదంటే కుదరదు. అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన నగ అయితే ఆవిడ కొన్న ధరే మీ ధర, 2001 ఏప్రిల్ 1కి ముందుదైతే ఆ రోజు విలువ తీసుకోవచ్చు. కొత్త నగ కొన్నప్పుడు బిల్లు పారెయ్యకండి. ఇరవై ఏళ్ల తర్వాత కొన్న ధర రుజువు చెయ్యలేక మొత్తం లాభంగా చూపినవాళ్లున్నారు.

మిర్చియార్డ్ | జనవరి 13
కౌలు డబ్బుకి పన్ను లేదు కదా. ఉద్యోగం చేస్తూ మూడెకరాలు మిర్చికి కౌలుకిస్తే రిటర్నులో చూపించాలా?

అరండల్‌పేట_ఆడిట్ | జనవరి 13
చూపించాలి. పన్ను లేదు కానీ రేటుకి కలుస్తుంది. వ్యవసాయ ఆదాయం 5,000 దాటి, మిగతా ఆదాయం 4 లక్షలు దాటితే ఇలా: జీతం అన్నీ పోగా 13 లక్షలు, కౌలు 3 లక్షలు అనుకోండి. రెండూ కలిపి 16 లక్షల మీద పన్ను 1,20,000. కౌలు 3కి మినహాయింపు పరిమితి 4 కలిపి 7 లక్షల మీద పన్ను 15,000. తీసెయ్యండి, 1,05,000. కౌలు లేకపోతే 13 లక్షల మీద 75,000. పన్ను లేని కౌలు వల్ల 30,000 పెరిగింది, సెస్సు అదనం.

వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వెయ్యాలి. మన జిల్లాలో టీచర్ల రిటర్నుల్లో ఎక్కువ తప్పు ఇక్కడే. పొలం ఉంది, ఐటీఆర్-1 వేస్తారు.

తుళ్లూరు_ప్లాటు | జనవరి 13
రాజధాని పూలింగ్‌లో ఇచ్చిన భూమికి తిరిగొచ్చిన ప్లాటు అమ్మితే? 12.5 శాతమేనా?

అరండల్‌పేట_ఆడిట్ | జనవరి 13
ముందు 10(37ఏ) చూడండి, ప్రత్యేకంగా మన ల్యాండ్ పూలింగ్ కోసమే పెట్టిన సెక్షన్. 2014 జూన్ 2 నాటికి భూమి మీ పేరున ఉండాలి, వ్యక్తి గానీ హిందూ అవిభక్త కుటుంబం గానీ అయ్యుండాలి. భూమి పూలింగ్‌కి ఇవ్వడం మీద పన్ను లేదు. పూలింగ్ సర్టిఫికెట్ అమ్మినా లేదు. ప్లాటు స్వాధీనం చేసిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటినుంచి రెండేళ్లలోపు అమ్మితే ఆ లాభం మీదా లేదు. ఉదాహరణకి 2024 డిసెంబర్‌లో స్వాధీనం అయితే 2027 మార్చి 31 దాకా గడువు. ఆ తర్వాత అమ్మితే పన్ను ఉంది, అయితే కొన్న ధరగా ఆ రెండేళ్లు ముగిసిన చివరి రోజు స్టాంపు డ్యూటీ విలువ తీసుకుంటారు. ఆ రోజు రిజిస్ట్రేషన్ విలువ కాగితం తీసి దాచుకోండి.

2014 తర్వాత రైతు దగ్గర కొన్నవాళ్లకి ఇది వర్తించదు. చేతులు మారిన ప్లాట్లు చాలా ఉన్నాయి, జాగ్రత్త.

బిల్లుల_బాబాయ్ | జనవరి 13
ఫిబ్రవరి బిల్లు దగ్గర పడింది కాబట్టి పని మాట. ఎఫ్‌డీ వడ్డీ, కౌలు, అద్దె ఇవన్నీ ఐటీ స్టేట్‌మెంట్‌లో డీడీఓకి ఇప్పుడే రాసివ్వండి, పన్ను జీతంలోనే కోస్తారు. దాస్తే, టీడీఎస్ పోగా పన్ను 10,000 దాటినప్పుడు ముందస్తు పన్ను కట్టలేదని నెలకి ఒక శాతం వడ్డీ పడుతుంది. ఆఖరి వాయిదా మార్చి 15.

డీఏ ఎరియర్లు ఈ ఏడాది పడినవాళ్లు: పాత ఏడాదివి ఇప్పుడొచ్చి గీత దాటించాయంటే సెక్షన్ 89 ఉపశమనం ఉంది. ఏ నెలకి ఎంతో పట్టిక డ్రాయింగ్ స్టేట్‌మెంట్‌లోంచి తీసుకుని ఫారం 10ఈ ముందు పోర్టల్లో వెయ్యాలి, రిటర్ను తర్వాత. వరస తప్పితే ఉపశమనం కొట్టేసి డిమాండు పంపుతారు. ఏటా ఇదే గోల.

పటమట_ప్రశ్న | జనవరి 14
అందరికీ నమస్కారం. ఒక్కటే మిగిలింది. సున్నా పన్నులో ఉన్నప్పుడు పీపీఎఫ్ వద్దంటారా?

కొత్తపేట_సిప్ | జనవరి 14
మామూలుగా 15 ఏళ్లకి గానీ పూర్తిగా తీయలేని చోట 7.1 శాతం, పన్ను పడనప్పుడు ఎఫ్‌డీకీ దానికీ తేడా తక్కువే. ఖాతా 500తో తెరిచి ఏటా 500 వేస్తూ ఉంచండి. 15 ఏళ్ల గడియారం నడుస్తుంటుంది. ఆదాయం 12.75 దాటిన ఏడాది నుంచి 1.5 లక్షలు నింపండి, ఏప్రిల్ 5 లోపు వేస్తే ఏడాది మొత్తానికీ వడ్డీ పడుతుంది.

బిల్లుల_బాబాయ్ | జనవరి 14
ఆ 500 మర్చిపోకండి. వెయ్యకపోతే ఖాతా ఆగిపోతుంది, తిరిగి నడిపించడానికి ఏడాదికి 50 జరిమానా.